ముంపులోనూ పంటలోనూ: గోదావరి డెల్టాలో క్రైస్తవ ఆరాధన

గోదావరి డెల్టాలో క్రైస్తవ సంఘాలూ సాగునీటి కాలువలూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. ఈ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివితే, విశ్వాసికి కష్టకాలం ఎంత పెద్ద పరీక్షో సుఖకాలమూ అంత పరీక్షేనని, కొన్ని తరాల విషయంలో రెండోదే కఠినమైనదని తెలిసివస్తుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచి నిడదవోలు మీదుగా సాగే పశ్చిమ డెల్టా కాలువ వెంబడి ఊళ్లలో, ఆదివారం ఏ మందిరంలో ప్రార్థన విన్నా అందులో వాన, వరద, వడ్లు, అప్పు, పిల్లల చదువు, గల్ఫు ప్రయాణం అన్నీ కలిసే ఉంటాయి. ఆ ప్రార్థనల వెనుక ఉన్న నిలకడ ఎక్కడినుంచి వచ్చింది, దేని ఆధారంతో నిలిచింది, ఇప్పుడు ఎక్కడ సడలుతోంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో ఈ నేలకు ఇప్పటి పచ్చదనం లేదు. నది నిండుగా పారుతున్నా నీరు పొలాలకు ఎక్కకపోవడంతో, వానలు తప్పిన ఏట కరవు, కురిసిన ఏట వరద, రెండూ తప్పితే సముద్రం నుంచి తుపాను అన్నట్టుగా ప్రజల బతుకు సాగింది. 1821లో ఏడు లక్షలకు పైబడిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షల చిల్లరకు పడిపోయిందంటే, చావులూ వలసలూ కలిసి ఈ సీమను ఎంతగా ఖాళీ చేశాయో ఊహించవచ్చు. 1832-33 నాటి నందన సంవత్సరపు కరవు పక్కనున్న గుంటూరు సీమను పీల్చివేయగా, 1839 నవంబరులో కోరంగి రేవును తుపాను ఊడ్చివేసింది. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే, 1836లో, ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ అనే సువార్తికుని వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ పట్టణం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో కలిసి తెలుగుదేశానికి వచ్చి, మొదట మచిలీపట్నంలో ఉండి, ఆ తరవాత నరసాపురం, పాలకొల్లు పట్టణాలను కేంద్రాలుగా చేసుకున్నారు. తరవాతి కాలంలో గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడిన పనికి ఇదే మొదలు. నిడదవోలుకు సమీపంలోని చెట్టిపేట కూడా కాలక్రమంలో ఆ మిషన్ స్థావరాల్లో ఒకటైంది.

వీరు బ్రదరెన్ శాఖకు చెందినవారు. బ్రదరెన్ అంటే అభిషిక్తులైన గురువుల వర్గం ప్రత్యేకంగా లేకుండా, విశ్వాసులందరూ సహోదరులుగా కూడి, ప్రతి ఆదివారం రొట్టె విరిచి ద్రాక్షారసం పంచుకుని క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే సమాజం. దీనినే ఇక్కడి సంఘాలు రొట్టె విరుచుట అనీ, బల్లారాధన అనీ వ్యవహరిస్తాయి. ఆ శాఖవారు తమ సేవకులకు నెలజీతం హామీ ఇచ్చే పద్ధతి పెట్టుకోలేదు కాబట్టి, వచ్చినదానితో బతకడం, రాకపోతే ప్రార్థించి ఓర్చుకోవడం అన్నది ఈ ప్రాంతపు తొలి సువార్తికులకు ఉపదేశాంశంగా కంటె నిత్యానుభవంగానే ఎక్కువ తెలుసు. భాష రాక, ఎండ పడక, వినేవారు లేక తొలి సంవత్సరాలు గడిచాయి. 1853లో జార్జి బీర్ మరణించినప్పుడు ఆయన భార్య స్వదేశానికి తరలిపోకుండా నరసాపురంలోనే నిలిచి పని సాగించగా, వారి కుమారులు పెద్దవారై అదే పనిలో ప్రవేశించారు. మిషనరీ చరిత్రల్లో మగవారి పేర్లే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి గాని, ఈ సంఘాల నిలకడకు ఆ ఇల్లాలి నిర్ణయం ఏ ప్రసంగానికీ తీసిపోదు.

1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ఆ అయిదేళ్లూ పలు తాలూకాల నుంచి వేల మంది కూలీలు నది ఒడ్డున గుడిసెలు వేసుకుని రాయి మోసి, మట్టి తవ్వారు. బౌడెన్ ఆ జనం మధ్యకు వెళ్లి బోధించడం, అక్కడ విన్నవారు పనులు ముగిశాక తమ పల్లెలకు తిరిగిపోవడం వల్ల ఈ విశ్వాసం ఏ మిషనరీ అడుగూ పడని పాలేలకు చేరింది. ఆనకట్ట పూర్తయ్యాక నీరు పారింది, మెట్ట మాగాణి అయింది, భూమి ధర పెరిగింది. అయితే ఆ సంపద ఎవరి ఇంటికి చేరిందన్న ప్రశ్న సంఘ చరిత్రకు ముఖ్యం. బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. కాలువ తవ్వినవారు వారు, కాలువ కింద భూమి మరొకరిది. కనుక డెల్టా క్రైస్తవుడు చాలాకాలం పరాయి పంటకు కోతగాడుగా ఉంటూనే, ఆ పంట చేతికి వచ్చినందుకు దేవుణ్ణి స్తుతించాడు. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోకుండా ఇక్కడి ఆరాధనను అర్థం చేసుకోవడం కుదరదు.

రాజమండ్రిలో లూథరన్ మిషన్ కథ మరొక తరహాది. ఉత్తర జర్మనీ మిషన్ 1845లో మొదలుపెట్టిన ఆ పని కొద్ది ఏళ్లకే అమెరికా లూథరన్ల చేతికి రాగా, సేవకుల కొరతవల్ల 1869 నాటికి దానిని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే స్థితి ఏర్పడింది. అప్పటికి భారతదేశం విడిచి వెళ్లిన ఫాదర్ హయ్యర్, అంటే 1842లో గుంటూరులో లూథరన్ పని ప్రారంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, ఆ అప్పగింతను వ్యతిరేకించి, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడ ఎక్కి వచ్చి రాజమండ్రి పనిని నిలబెట్టాడు. ఆ కాలంలోనే కాకినాడలో టామస్ గేబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు తంతితపాలా ఉద్యోగం వదులుకుని సొంతంగా సువార్త ప్రకటించి, ఆర్థికంగా చితికిపోయి, చివరకు తన పనిని 1874లో కెనడా బాప్టిస్టుల చేతికి అందించాడు. విదేశీయుల త్యాగాలకు దొరికినంత స్మరణ ఈయనకు దొరకలేదు.

డెల్టాకు దక్షిణాన, ఒంగోలు మెట్ట ప్రాంతంలో జరిగినది పోల్చి చూడదగినది. 1876-78 మహా కరవులో గోదావరి కాలువల కింద పంట పండి, ధాన్యం కరవు సీమలకు తరలివెళ్లగా, ఒంగోలు పరిసరాల్లో జనం ఆకలితో అలమటించారు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. అదే సమయంలో, అన్నం కోసం మతం మారినవారన్న మాట రాకుండా, కరవు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. కరవు తగ్గుముఖం పట్టాక కూడా అడిగినవారు వెనుదిరగకపోవడంతో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం జరిగింది. ఆ సంఖ్యను ఘనంగా చెప్పుకోవడం తెలుగు సంఘాల్లో ఆనవాయితీ. నిజానికి ఆ సంఖ్య కంటె, దానికి ముందు బాప్తిస్మాలు ఆపిన నెలలే గొప్పవి. ఎందుకంటే కష్టంలో పుట్టిన భక్తిని కష్టం తీరేదాకా ఆగి పరీక్షించుకోవాలన్న వివేకం అందులో ఉంది.

ఈ వివేకానికి మూలం బైబిలులోనే ఉంది. యోబు గ్రంథంలో సాతాను లేవనెత్తే ప్రశ్న సారాంశం, ఆస్తి, సంతానం, ఆరోగ్యం ఉన్నందువల్లనే యోబు భక్తుడై ఉన్నాడా అన్నది. అన్నీ పోయాక కూడా అతడు ప్రశ్నిస్తూ, వాదిస్తూ, ఏడుస్తూనే దేవుణ్ణి వదలకపోవడం ఆ ప్రశ్నకు జవాబు. చివర అతనికి రెండింతలు తిరిగి దొరికిన సంపదను మాత్రమే పట్టుకుని, నమ్మితే రెట్టింపు వస్తుందని బోధించడం ఈ మధ్య వేదికలపై ఎక్కువైంది గాని, అది గ్రంథంలోని నలభై రెండు అధ్యాయాల్లో నలభై ఒకటిని విడిచిపెట్టే చదువు. హబక్కూకు ప్రవక్త పైరు లేని పొలాన్నీ పశువులు లేని కొట్టాన్నీ ఎదుట పెట్టుకునే ఆనందిస్తానని పాడతాడు. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం ఇందుకు రెండో వైపు చూపుతుంది: అరణ్యంలో దేవుణ్ణి తలచిన జనమే కడుపు నిండి, మంచి ఇళ్లలో కాపురముండి, మందలు పెరిగాక ఆయనను మరిచి, ఇదంతా తమ చేతుల బలమే అనుకునే ప్రమాదం ఉందని మోషే హెచ్చరిక. సామెతల గ్రంథంలో ఆగూరు తనకు దారిద్ర్యమూ వద్దు, అధిక సంపదా వద్దు అని వేడుకున్నదీ ఈ భయంతోనే. పౌలు అపొస్తలుడు బంధకాల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలో, లేమిలోనూ కలిమిలోనూ తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని అంటాడు. అంటే అది పుట్టుకతో వచ్చే గుణమని గాని, ఒక్క రాత్రి అనుభవంతో దక్కే వరమని గాని ఆయన భావించలేదు. సాధనతో పట్టుబడే విద్యగా చూశాడు.

ఆ విద్యను డెల్టా సంఘాలు పుస్తకాలతో కంటె ఆచారాలతో నేర్పాయి. వాటిలో మొదట చెప్పుకోవలసింది పిడికెడు బియ్యం. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలోనో డబ్బాలోనో వేసి, వారాంతంలో ఆ బియ్యాన్ని మందిరానికి తెచ్చి కానుకగా సమర్పిస్తుంది. దోర్నకల్ అధ్యక్ష మండలంలో, అంటే ఒక బిషపు పాలనలోని సంఘాల సముదాయంలో, ఈ ఆచారం విస్తారంగా సాగింది. 1912లో ఆ మండలానికి బిషపుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపుగా చరిత్రకెక్కిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, పేద సంఘాలు కూడా ఇచ్చే సంఘాలుగా ఉండాలని పట్టుబట్టాడు. 1920లో కృష్ణా, గోదావరి జిల్లాల్లోని చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు ఆ మండలంలో చేరడంతో ఆయన బోధ ఈ తీరానికీ చేరింది. పిడికెడు బియ్యంలోని విశేషం దాని కొలతలో ఉంది. తవ్వెడు వండే ఇంట్లోనూ పిడికెడే, కుంచెడు వండే ఇంట్లోనూ పిడికెడే గనుక లేనివారికి అది త్యాగం, ఉన్నవారికి అది జ్ఞాపకం. పైగా అది ఆదివారపు ఉద్వేగంతో ముడిపడినది కాదు; మనసు బాగున్నా లేకపోయినా పూటపూటా చేసేది. ఇంట్లో జ్వరం ఉన్న రోజునా, పెళ్లి ఉన్న రోజునా అన్నం వండక తప్పదు, వండినప్పుడు పిడికెడు తీయక తప్పదు. ఇంత నిరాడంబరంగా నిలకడ నేర్పిన పద్ధతి తెలుగు క్రైస్తవంలో మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

రెండోది కోత పండుగ. ఇది ఇశ్రాయేలీయుల ప్రథమ ఫలాల అర్పణను, అంటే పంటలో తొలి భాగాన్ని దేవునికి సమర్పించే విధిని, తెలుగు పల్లెకు అనువదించుకున్న పండుగ. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు ముగిసి నూర్పిళ్లు అయ్యాక, వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, కోళ్లు, గుడ్లు మందిరానికి తెచ్చి బలిపీఠం ముందు పేరుస్తారు; ఆరాధన తరవాత వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘ నిధికి జమకడతారు. వేలంలో ఒక కోడిపుంజు బజారు ధరకు నాలుగింతలు పలకడం, పాడుకున్నవాడే దానిని తిరిగి కానుకగా ఇచ్చి మళ్లీ వేలానికి పెట్టించడం, పెద్దలు నవ్వుతూ పోటీ పెంచడం ఈ పండుగలోని కళ. సొంత పొలం లేని కూలి కుటుంబం పరిగె ఏరుకున్న వెన్నులనో, పెరటి పాదుకు కాసిన సొరకాయనో తెచ్చి, ఎకరాలున్నవారి కానుకల పక్కనే పెడుతుంది. భూమి పత్రాలు ఎవరి పేర ఉన్నా పంట దేవునిదన్న ప్రకటన అందులో ఉంది.

పంట ఇంటికి రాని సంవత్సరాలూ ఈ ప్రాంతానికి కొత్త కావు. మన్యపు కొండల వైపు నుంచి దిగే ఎర్రకాలువ పొంగినప్పుడు, నందమూరు అక్విడక్టు దాటి యనమదుర్రు మురుగుకాలువలోకి నీరు త్వరగా దిగక, నిడదవోలు మండలంలోని పల్లపు పొలాల్లో సార్వా నాట్లు రోజుల తరబడి మునిగి కుళ్లిపోతాయి. 2024 జులైలోనూ అదే జరిగింది. 1986 ఆగస్టు నాటి గోదావరి వరద, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను ఈ జిల్లాల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. రెండోసారి నారు పోసుకోవలసి వచ్చిన కౌలు రైతుకు కోత పండుగ నాడు తేవడానికి ఏమీ ఉండదు. అటువంటి ఏట పండుగను మానుకోకుండా, ఉన్నవాటితోనే జరుపుకోవడం సంఘం చేసే సాక్ష్యం. సాక్ష్యమంటే దేవుడు తన జీవితంలో చేసినదాన్ని విశ్వాసి పదిమంది ముందు చెప్పడం.

కూడికల ఏర్పాటులోనూ ఈ సమతూకం కనిపిస్తుంది. ఆపద వచ్చినప్పుడు, లేదా నెలకొక నియమిత దినాన, అన్నపానాలు మాని ప్రార్థించేది ఉపవాస కూడిక. మరణం జరిగిన ఇంట కొద్ది రోజులకు బంధువులూ సంఘస్థులూ చేరి దుఃఖితులను ఓదార్చేది ఆదరణ కూడిక. ఉద్యోగం దొరికినా, బిడ్డ పుట్టినా, ఇల్లు కట్టినా జరిపేది కృతజ్ఞత కూడిక. ఈ మూడింటిలోనూ అదే చాప పరుస్తారు, అదే బైబిలు తెరుస్తారు, అదే పాటల పుస్తకం పట్టుకుంటారు. ఆ పుస్తకం పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పలు శాఖల సంఘాలు ఉమ్మడిగా వాడే ఈ సంకలనంలో కీర్తనలకు రాగతాళాలు సూచించి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి పందొమ్మిదో శతాబ్ది కవుల రచనలు ఇందులో ప్రముఖమైనవి. చదువు రాని స్త్రీలు సైతం ఊడ్పుల మళ్లలో, పొయ్యి దగ్గర పాడుకుంటూ వీటిని కంఠస్థం చేశారు. తన మాటలు కరవైన దుఃఖసమయంలో విశ్వాసికి పూర్వుల మాటలు నోటికి రావడమే కీర్తన చేసే మేలు.

నిశ్శబ్దంగా కనిపెట్టే, అంటే దేవుని కోసం ఎదురుచూసే, ప్రార్థనకూ ఈ తీరంలో ఒక సంప్రదాయం ఉంది. రాజమండ్రి సమీపంలోని జేగురుపాడులో పుట్టి, లూథరన్ సంఘంలో పని చేసి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు, దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని తన అనుచరులకు ముఖ్యమైన సాధనగా నేర్పాడు. ఆయన 1960లో మరణించగా, గుంటూరులో ఏటా జనవరి నెలాఖరున జరిగే ఆ మిషన్ మహాసభలకు గోదావరి జిల్లాల నుంచి ఇప్పటికీ జనం తరలివెళ్తారు.

ప్రకృతి తెచ్చే కష్టాలు కొన్ని కాగా, సమాజమూ చట్టమూ తెచ్చేవి మరికొన్ని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులు షెడ్యూల్డు కులాల కిందికి రారు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల సి వర్గంలో చేర్చి, ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పేట మారలేదు, పని మారలేదు, ఊరివాళ్ల చూపు మారలేదు, సర్టిఫికెట్టు మాత్రం మారింది. అందువల్ల చాలా కుటుంబాలు రికార్డుల్లో ఒక గుర్తింపుతో, మందిరంలో మరొక గుర్తింపుతో బతుకుతున్నాయి. ఆ కుటుంబాల విశ్వాసాన్ని శంకించేవారు, అటువంటి ఎంపిక తమ పిల్లల చదువుకు ఎదురైతే ఏమి చేస్తారో మొదట ఆలోచించాలి. సంఘాల లోపల కూడా కులభేదం పూర్తిగా పోలేదన్న నిజాన్ని ఇదే సందర్భంలో ఒప్పుకోక తప్పదు.

గత నాలుగైదు దశాబ్దాల్లో ఈ జిల్లాల నుంచి పెద్ద సంఖ్యలో స్త్రీలు ఇంటిపనులకు కువైట్ వంటి గల్ఫు దేశాలకు వెళ్లారు. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి తెలుగు క్రైస్తవుల ప్రధాన ఆరాధన కూడా శుక్రవారానికి మారింది. కువైట్ నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో పలు భాషల సంఘాలతో పాటు తెలుగు సంఘాలూ కూడుతున్నాయి. సెలవు దొరకని ఇంట్లో పని చేసే స్త్రీకి ఆ ఆరాధన కూడా అందదు. ఆమె వంటగదిలో పాడుకునే కీర్తనే ఆమె గుడి. ఆమె పంపిన సొమ్ముతో ఊరిలో తాటాకు ఇల్లు డాబా అయింది, రేకుల మందిరానికి శ్లాబు పడింది, మైకుసెట్లూ ఏసీలూ వచ్చాయి. పిల్లలు ఇంజనీర్లై హైదరాబాదు, డాలస్ చేరారు. ఇది నిస్సందేహంగా దీవెనే. కాని పొయ్యి పోయి రైస్ కుక్కరు వచ్చిన ఇంట్లో పిడికెడు బియ్యం కుండ కనబడకుండా పోయింది. కుటుంబ ప్రార్థన, అంటే రాత్రి పడుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక అధ్యాయం చదివి ప్రార్థించుకునే అలవాటు, సెల్‌ఫోన్లో ఎవరో చేసే ప్రార్థన వినడంగా మారిపోయింది. కష్టం వచ్చినప్పుడు ఉపవాస కూడికకు నిండే మందిరం, మేలు కలిగాక కృతజ్ఞత కూడికకు బిర్యానీ సమయానికి మాత్రమే నిండడం చాలా ఊళ్లలో కనిపిస్తున్నదే.

కష్టకాలపు భక్తిలో తెలుగు సంఘాలకు ఎవరూ నేర్పవలసింది పెద్దగా లేదు; కలిమి కాలపు భక్తిలోనే అవి వెనుకబడ్డాయి. కనుక నిడదవోలు, కొవ్వూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల సంఘ పెద్దలు, పాస్టర్లు, స్త్రీల సమాజాలు రానున్న సార్వా కోతలనాటికి పిడికెడు బియ్యపు ఆచారాన్ని ప్రతి ఇంటా తిరిగి మొదలుపెట్టించాలి. కోత పండుగ వేలం సొమ్ములో కొంత భాగాన్ని, ఆ ఏడు ముంపులో పంట పోయిన కౌలు కుటుంబాలకు, వారు ఏ మతంవారైనా సరే, కేటాయించాలి.